చిన్న ట్రైలర్ మీద బైకును క్షేమంగా తీసుకెళ్లడం ఎలా?

చవకలో చిన్న ట్రైలర్ కొన్నవారు దాదాపు అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: బైకుకు ఎన్ని బెల్టులు వేయాలి? ముందు రెండు, వెనుక రెండు, మొత్తం నాలుగు అని చెప్పి ఊరుకోవచ్చు. అయితే నేను చూసినంతవరకు బైకు పడిపోయిన సందర్భాల్లో బెల్టు తెగినది ఒక్కటీ లేదు. కొక్కెం జారింది, ర్యాంపు జారింది, బోల్టు వదులైంది, లేదా బరువు వెనక్కి పడి ట్రైలర్ ఊగింది. పెద్ద ట్రైలర్ మీద చెల్లిపోయే పొరపాటు చిన్నదాని మీద చెల్లదు కనుక, బెల్టుల కంటే ముందు చూసుకోవలసినవి చాలా ఉన్నాయి.

ఇక్కడ చెప్పేదంతా 150 కిలోలకు మించని బైకు, ఒకే ఇరుసు ఉండి బ్రేకులు లేని ట్రైలర్, సుమారు 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉన్న తొట్టి, దాన్ని లాగే మామూలు కారును దృష్టిలో పెట్టుకుని రాసినది. ట్రైలర్ రిజిస్ట్రేషను, నంబరు పలక, వేగ పరిమితి ప్రాంతాన్ని బట్టి మారతాయి కాబట్టి వాటిని మీరు ఉన్నచోట విచారించుకోండి.

కావలసినవి

- నాలుగు రాచెట్ బెల్టులు, అంటే పళ్ల చక్రం ఉన్న పిడిని ఆడిస్తూ బిగించేవి. ప్రతి బెల్టు చీటీ మీద రెండు అంకెలు ఉంటాయి. పెద్దది బెల్టు తెగే బరువు, చిన్నది పని పరిమితి. రెండోది సాధారణంగా మొదటిదానిలో మూడో వంతు ఉంటుంది. మీరు చూడవలసినది చిన్న అంకెను. ఒక్కో బెల్టు పని పరిమితి బైకు బరువుకు తగ్గకుండా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. నైలాన్ బెల్టు తడిస్తే సాగుతుంది కనుక పాలియెస్టర్ బెల్టు తీసుకోండి.
- హ్యాండిల్‌కు, చట్రానికి చుట్టడానికి నాలుగు మెత్తటి ఉచ్చులు. ఇనుప కొక్కేన్ని నేరుగా హ్యాండిల్‌కు తగిలిస్తే గీతలు పడతాయి, జారిపోతుంది కూడా.
- ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చాక్. అది లేకపోతే చక్రం వెడల్పుకు సరిపడేలా బోల్టులతో బిగించిన రెండు చెక్క బద్దలు, వాటి ముందు ఒక అడ్డు.
- కనీసం 1.8 మీటర్ల పొడవున్న ర్యాంపు, దాన్ని ట్రైలర్‌కు కట్టడానికి విడిగా ఒక బెల్టు.
- ట్రైలర్ చక్రాలకు అడ్డుపెట్టే చెక్కలు నాలుగు, గాలి కొలిచే మీటరు, పానాలు, స్టెపినీ. చిన్న ట్రైలర్‌కు స్టెపినీ విడిగా కొనవలసి వస్తుంది. దారిలో ఆ సైజు టైరు దొరకడం కష్టం కాబట్టి దాన్ని మాత్రం వాయిదా వేయకండి.
- మనుషులను తూచే మామూలు తూకం యంత్రం. దేనికో కాసేపట్లో చెబుతాను.
- ఒక తోడు మనిషి.

కొనేముందు లేదా మొదటి ప్రయాణానికి ముందు

తొట్టి పొడవును టేపుతో కొలవండి. చిన్న బైకు పొడవు సుమారు 2 మీటర్లు, రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం సుమారు 1.3 మీటర్లు ఉంటాయి. 8 అడుగుల తొట్టిలో ఇది హాయిగా పడుతుంది. 4 అడుగుల తొట్టి అంటే 1.2 మీటర్లే కాబట్టి వెనుక చక్రం గాలిలో వేలాడుతుంది. అలాంటిదాని మీద రెండు చక్రాలనూ మోసే ఇనుప చానెల్‌ను చట్రానికి బిగిస్తే తప్ప బైకు ఎక్కించకూడదు.

విడిభాగాలుగా వచ్చి ఇంట్లో బిగించుకునే ట్రైలర్ అయితే ప్రతి నట్టునూ మళ్లీ బిగించి చూడండి. మామూలు నట్లకు బదులు లోపల నైలాన్ వలయం ఉన్న నట్లు వేస్తే అదురుకు వదులు కావు. నేలకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ సరిపోతుంది. అయితే బెల్టు తగిలించే రింగులను ప్లైవుడ్‌కు మాత్రమే బిగించకండి. బోల్టు ప్లైవుడ్‌ను దాటి కింద ఇనుప చట్రంలోకి దిగాలి, అడుగున వెడల్పాటి వాషరు ఉండాలి. స్క్రూలతో చెక్కకు బిగించిన రింగు చేత్తో లాగితే గట్టిగానే అనిపిస్తుంది కానీ గుంతలో పడిన కుదుపుకు చెక్కతో సహా ఊడివస్తుంది.

చిన్న చక్రాల సంగతి చాలామంది పట్టించుకోరు. 8 అంగుళాల రిమ్ము మీది టైరు ఎత్తు సుమారు 40 సెంటీమీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు అది నిమిషానికి వెయ్యి చుట్లకు పైగా తిరుగుతుంది. అదే వేగంలో 60 సెంటీమీటర్ల కారు టైరు సుమారు 700 చుట్లు తిరుగుతుంది. అందుకే బేరింగులలో గ్రీజు సరిగా లేకపోతే ముందు వేడెక్కేవి ట్రైలర్ హబ్బులే. కొత్త ట్రైలర్ అని నమ్మకుండా హబ్ మూత తీసి గ్రీజు చూడండి, కొరతగా ఉంటే నింపండి. గాలిని టైరు అంచు మీద రాసిన మేరకు పట్టండి. కారు టైరు అలవాటుతో 30 పీఎస్ఐ దగ్గర ఆపేయడం పెద్ద తప్పు. ఈ చిన్న టైర్లలో చాలావాటికి 60 పీఎస్ఐ లేదా అంతకు పైన అవసరమవుతుంది.

బరువుల లెక్క

ట్రైలర్ 130 కిలోలు, బైకు 120 కిలోలు అనుకుంటే మొత్తం 250 కిలోలు. కారు పుస్తకంలో బ్రేకులు లేని ట్రైలర్‌కు విడిగా ఒక పరిమితి రాసి ఉంటుంది, మీ మొత్తం బరువు దానికి లోబడి ఉండాలి. ట్రైలర్‌కు, టైర్లకు, కారు వెనుక ట్రైలర్‌ను తగిలించే హిచ్ గుండుకు కూడా ఎవరి పరిమితి వారికి ఉంటుంది. వాటిలో అన్నిటికంటే తక్కువైనదే మీ పరిమితి.

ఇక అసలు విషయం. ఆ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ట్రైలర్ ముక్కు మీద, అంటే హిచ్ గుండు మీద పడాలి. పైన చెప్పిన ఉదాహరణలో అది 25 నుంచి 37 కిలోలు. కారు పుస్తకంలో ముక్కు బరువుకు ఇంతకన్నా తక్కువ పరిమితి రాసి ఉంటే అదే పాటించండి. ముక్కు తేలికైతే ట్రైలర్ తోక ఆడిస్తుంది, మరీ బరువైతే కారు వెనుక భాగం కుంగి ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. ఈ బరువును మార్చేది ఇరుసుకు బైకు ఎంత ముందుగా ఉందన్నదే. చిన్న బైకు బరువు కేంద్రం సుమారుగా రెండు చక్రాల నడుమ, ఇంజన్ దగ్గర ఉంటుంది. ట్రైలర్ ముక్కుకూ ఇరుసుకూ మధ్య దూరం 240 సెంటీమీటర్లు, బైకు కేంద్రం ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందుకు ఉన్నాయనుకోండి. 120ని 30తో గుణించి 240తో భాగిస్తే 15 కిలోలు వస్తాయి. ఖాళీ ట్రైలర్ ముక్కు బరువు 15 కిలోలు ఉంటే రెండూ కలిపి 30 కిలోలు, సరిగ్గా కావలసినంత. ఈ లెక్కతో చాక్‌ను ఎక్కడ బిగించాలో ముందే గుర్తు పెట్టుకుని, ఆ తర్వాతే నేలకు రంధ్రాలు వేయండి. ముందు రంధ్రాలు వేసి తర్వాత లెక్క చూసుకున్నవారి ప్లైవుడ్ జల్లెడలా ఉండటం నేను చూశాను. అందులో నాదీ ఒకటి.

ఇప్పుడు క్రమంగా చేయవలసిన పనులు

1. ముందు ట్రైలర్‌ను కారుకు తగిలించండి, బైకు మాట తర్వాత.

ఈ వరుసను ఎన్నడూ తిరగవేయకండి. ఒకసారి కారు వచ్చేలోపు పని పూర్తిచేద్దామన్న తొందరలో, ముక్కును నేల మీది జాకీ చక్రం (ముక్కుకు ఆసరాగా ఉండే చిన్న చక్రం) మీద ఉంచి బైకు ఎక్కించబోయాను. బైకు ముందు చక్రం తొట్టి వెనుక అంచుకు చేరగానే తొట్టి వెనుకభాగం నేలకు దిగింది, ముక్కు ఏతాములా పైకి లేచింది. బైకూ నేనూ కలిసి వెనక్కి జారాం. బ్రేకు లీవరు విరిగింది, చీలమండ వారం రోజులు వాచింది. కారుకు తగిలించి, హ్యాండ్ బ్రేకు వేసి, ట్రైలర్ చక్రాలకు రెండువైపులా చెక్కలు పెట్టాకే బైకును ముట్టుకోండి.

హిచ్ గుండు సైజు దాని తలమీద, కప్లర్ (ట్రైలర్ ముక్కు కొసన గుండును పట్టుకునే భాగం) మీద రాసి ఉంటుంది. 50 మిల్లీమీటర్ల కప్లర్‌ను 47.6 మిల్లీమీటర్ల గుండు మీద వేస్తే చక్కగా కూర్చున్నట్టే ఉంటుంది, లాక్ కూడా పడుతుంది. మొదటి గట్టి కుదుపుకు ఎగిరి బయటపడుతుంది. అందుకే లాక్ వేశాక జాకీతో ముక్కును పైకి లేపి చూడండి. దానితో పాటు కారు వెనుక భాగం కూడా లేస్తే కప్లర్ పట్టుకున్నట్టు. తర్వాత లాక్‌కు పిన్ను పెట్టండి. రెండు గొలుసులనూ ముక్కు కింద ఒకదానినొకటి దాటేలా తగిలించండి. అప్పుడు కప్లర్ ఊడినా నేలను గుచ్చకుండా ఉట్టిలో పడినట్టు గొలుసుల మీద ఆగుతుంది. గొలుసులు మలుపుకు సరిపడేంత వదులుగా ఉండాలి, నేలకు రాసుకోకూడదు.

చివరగా లైట్లు. ఎడమ ఇండికేటర్ వేస్తే అన్ని బల్బులూ మసకగా మిణుకుమంటున్నాయా? అది దాదాపు ఎప్పుడూ ఎర్త్ వైరు సమస్యే. వైరు బోల్టు కింద రంగును గీకి, ఇనుము మెరిసేదాకా శుభ్రం చేసి బిగించండి.

2. ర్యాంపును ట్రైలర్‌కు కట్టండి.

వెనుక చక్రం ర్యాంపు ఎక్కేటప్పుడు ర్యాంపును వెనక్కి తన్నుతుంది. ఊరికే ఆనించిన ర్యాంపు అప్పుడే జారిపోతుంది, సగం బైకు పైన, సగం కింద ఉంటుంది. బెల్టుతో ర్యాంపు పైభాగాన్ని ట్రైలర్ చట్రానికి బిగించి, మీరే దానిమీద నిలబడి ఒకసారి కుదిపి చూడండి. తొట్టి ఎత్తు 50 సెంటీమీటర్లు, ర్యాంపు 2 మీటర్లు అయితే వాలు సుమారు 15 డిగ్రీలు వస్తుంది, ఇద్దరికి అది సులువే. అంతకంటే నిటారుగా ఉంటే ట్రైలర్ చక్రాలను కాస్త పల్లంలో, లేదా ర్యాంపు కొసను కాస్త మిట్ట మీద ఉండేలా చోటు చూసుకోండి.

3. బైకును నడిపించి ఎక్కించండి, స్వారీ చేసి కాదు.

మీరు బైకు ఎడమ పక్కన, తోడు మనిషి వెనుక ఉండాలి. ఆ మనిషి చక్రానికి సరిగ్గా వెనుక కాక కాస్త పక్కగా నిలబడితే బైకు జారినా తప్పుకోగలరు. చేతులతో నెట్టడం కష్టమైతే ఇంజన్ స్టార్ట్ చేసి మొదటి గేరులో క్లచ్‌ను కొంచెం కొంచెంగా వదులుతూ పక్కన నడవండి.

మధ్యలో ఆగవలసి వస్తే ముందు బ్రేకును నమ్ముకోకండి. బైకు ముక్కు పైకి ఉన్నప్పుడు బరువంతా వెనుక చక్రం మీద ఉంటుంది, కాబట్టి ముందు చక్రం ఆగినా జారుతుంది. ఇంజన్ ఆపి, గేరులో ఉంచి క్లచ్ వదిలేస్తే వెనుక చక్రం దానంతటదే బిగుసుకుంటుంది. ఈ ఒక్క కిటుకు తెలిస్తే ఒంటరిగా పని చేయవలసి వచ్చిన రోజున కూడా గండం గట్టెక్కుతారు.

4. ముందు చక్రాన్ని చాక్‌లో దింపి సైడ్ స్టాండ్ వేయండి.

గేరు మొదటిదానిలో ఉంచండి, తాళంచెవి తీసేయండి, కార్బురేటర్ బైకైతే పెట్రోలు ట్యాపు కట్టేయండి. హ్యాండిల్ తిన్నగా ఉండాలి కాబట్టి స్టీరింగు లాక్ వేయకండి.

5. ముందు బెల్టులు.

పని అంతా ఇక్కడే ఉంది, తొందర పడకండి. మెత్తటి ఉచ్చులను ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టే షాక్ అబ్జార్బర్ గొట్టాల) కింది క్లాంపు దగ్గర, లేదా హ్యాండిల్ మీద మధ్యకు దగ్గరగా చుట్టండి. బ్రేకు గొట్టం, యాక్సిలరేటర్ కేబుల్, వైర్లు ఉచ్చు కింద నలగకూడదు. బెల్టు అక్కడి నుంచి ముందుకూ పక్కకూ సాగి సుమారు 45 డిగ్రీల కోణంలో కిందికి దిగాలి. నిటారుగా దిగే బెల్టు బైకును పక్కకు ఒరగకుండా ఆపలేదు.

బైకు సైడ్ స్టాండ్ మీద ఎడమకు వాలి ఉంది కదా, అందుకని ముందు ఎడమ బెల్టును వదులుగా తగిలించి, తర్వాత కుడి బెల్టును బిగిస్తూ బైకును నిలబెట్టండి. ఎడమ బెల్టు ముందే ఉంటే బైకు అదుపు తప్పి కుడివైపు పడదు. నిలబడ్డాక రెండు రాచెట్లనూ మార్చి మార్చి రెండేసి పళ్ల చొప్పున బిగించి, సైడ్ స్టాండ్ పైకి లేపేయండి. స్టాండ్ మీద ఉంచి బిగిస్తే ప్రతి కుదుపూ స్టాండ్ మీదా చట్రం మీదా పడుతుంది.

ఎంత బిగించాలి? ఫోర్కు కదలికలో సగం వరకు. కదలిక 12 సెంటీమీటర్లు అయితే 5 నుంచి 6 సెంటీమీటర్లు కుంగాలి. కంటికొలతను నమ్మకుండా, బిగించకముందు ఫోర్కు గొట్టం మీద సీలుకు అంత దూరం పైన సన్నటి ప్లాస్టిక్ టై కట్టండి; సీలు దాన్ని తాకితే కావలసినంత కుంగినట్టు. తక్కువ బిగిస్తే గుంతలో ఫోర్కు కుంగినప్పుడు బెల్టు వదులై కొక్కెం రింగులోంచి తప్పుకుంటుంది. పూర్తిగా కుంగేదాకా బిగిస్తే ఆయిల్ సీళ్లు దెబ్బతింటాయి. మూత లేని కొక్కేలైతే ఒక్కొక్కదానికి నోటి దగ్గర ప్లాస్టిక్ టై వేయండి.

6. వెనుక బెల్టులు.

వీటి పని బైకును కిందికి నొక్కడం కాదు, వెనుక చక్రం ఎగిరి పక్కకు జరగకుండా చూడటం. వెనుక చట్రానికి లేదా ఫుట్‌రెస్టు బ్రాకెట్‌కు ఉచ్చు వేసి, కాస్త వెనక్కి లాగుతూ రెండు పక్కలా సమంగా బిగించండి. ఇండికేటర్లకు, సైలెన్సర్‌కు బెల్టు తాకకుండా చూడండి, ప్లాస్టిక్ క్యారియర్‌కు తగిలించకండి. రింగులు సరైన చోట లేకపోతే ఒకే బెల్టును వెనుక రిమ్ము చుట్టూ వేసి నేలకు బిగించినా పని జరుగుతుంది.

మిగిలిన బెల్టు కొసలను ముడివేసి లోపలికి దోపండి. గాలికి బెల్టు బొంయ్‌మని మోగుతుంటే దానికి ఒక్క మెలిక వేస్తే ఆగుతుంది. బైకు మీద కవరు మాత్రం కప్పకండి. అది గాలికి కొట్టుకుని రంగును గీకేస్తుంది.

7. కదిలేముందు మూడు పరీక్షలు.

హ్యాండిల్‌ను పట్టుకుని పక్కలకు గట్టిగా ఊపండి. బైకు ఒక్కటే కదిలితే బెల్టులు వదులు. బైకుతో పాటు ట్రైలర్, ట్రైలర్‌తో పాటు కారు వెనుక భాగం ఊగాలి.

రెండోది ముక్కు బరువు. ఇది మొదటిసారి, అలాగే బైకు మారినప్పుడల్లా చేయాలి. సమతలంగా ఉన్నచోట చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టే ఉంచి కప్లర్‌ను గుండు నుంచి విడదీయండి. తూకం యంత్రం మీద హిచ్ గుండు ఎత్తుకు సరిపడే చెక్క మొద్దు నిలబెట్టి, దాని మీద ముక్కును ఆనించి అంకె చూడండి. మొద్దు బరువు తీసేయడం మరవకండి. విడదీసేముందు ముక్కు కింద జాకీ ఉండాలి, బరువు వెనక్కి ఉందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా తొట్టి వెనుక అంచు కింద కూడా ఒక మొద్దు పెట్టాలి. తక్కువ వస్తే బైకును, దానితో పాటు చాక్‌నూ ముందుకు జరపాలి. పనిముట్ల పెట్టెను ముందుకు తెచ్చి సరిపెట్టడం రెండు మూడు కిలోల తేడాకు మాత్రమే పనికొస్తుంది.

మూడోది, బైకు బ్రేకు లీవరు, యాక్సిలరేటర్ స్వేచ్ఛగా వెనక్కి వస్తున్నాయో లేదో. బిగుసుకుంటే ఉచ్చు కింద కేబుల్ నలుగుతున్నట్టు.

8. దారిలో.

ట్రైలర్ పలక మీద వేగ పరిమితి ఉంటే దాన్ని మించకండి. లేకపోయినా చిన్న చక్రాలతో 80 దాటకపోవడం నా అలవాటు. మొదటి 10 కిలోమీటర్ల తర్వాత తప్పకుండా ఆగండి. ఉచ్చులు సర్దుకుని, టైర్లు కుదురుకుని బెల్టులు వదులయ్యేది ఈ కాస్త దూరంలోనే. అదే ఆగడంలో చేతి వెనుక భాగాన్ని మెల్లగా హబ్ దగ్గరకు చేర్చి వేడి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే ముందుకు వెళ్లకుండా బేరింగు చూపించండి. ట్రైలర్ కొత్తదైనా, చక్రం విప్పి బిగించినా, 80 కిలోమీటర్లలోపు చక్రాల నట్లను మరోసారి పానాతో పట్టి చూడండి.

ట్రైలర్ ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి స్టీరింగును తిన్నగా పట్టుకోండి, అంతే. గట్టిగా బ్రేకు కొట్టకండి, ఊగే దిశకు ఎదురు తిప్పకండి, వేగం పెంచి సరిచేద్దామని అసలే అనుకోకండి. వేగం తగ్గి ఊపు ఆగాక పక్కకు ఆపి, బైకు వెనక్కి జరిగిందేమో చూడండి. ఊగడానికి గాలి కారణమని సర్దిచెప్పుకునేవారే ఎక్కువ, కానీ ముక్కు బరువు సరిగా ఉన్న ట్రైలర్ మోస్తరు గాలికి అంతగా ఊగదు.

వెనక్కి పెట్టేటప్పుడు చేతిని స్టీరింగు అడుగుభాగాన ఉంచండి. చేయి ఎటు కదిలితే ట్రైలర్ అటే తిరుగుతుంది. పొట్టి ట్రైలర్ చాలా త్వరగా మడతపడుతుంది కనుక అరచేతి వెడల్పుకు మించి ఒకేసారి తిప్పకండి, మడత మొదలైతే ముందుకు లాగి మళ్లీ మొదలుపెట్టండి.

9. దించడం.

గమ్యం చేరిన ఆనందంలో బైకులు పడేది ఇక్కడే. బెల్టులు విప్పడానికి ముందే ర్యాంపు కట్టండి, చక్రాలకు చెక్కలు పెట్టండి, ట్రైలర్ కారుకు తగిలించే ఉండాలి. వెనుక బెల్టులు ముందు తీయండి. తర్వాత సైడ్ స్టాండ్ దించి, తోడు మనిషిని హ్యాండిల్ పట్టుకోమని, కుడి ముందు బెల్టును మెల్లగా వదలండి. ఎడమ బెల్టు లాగుడుకు బైకు తనంతట తానే స్టాండ్ మీదికి వాలుతుంది. తెలియక ఎడమది ముందు వదిలితే, నొక్కి ఉంచిన ఫోర్కు స్ప్రింగులా లేచి బైకును స్టాండ్ లేని కుడివైపుకు విసురుతుంది. బైకును ముక్కు పైకే ఉంచి వెనక్కి దించుతూ, మొదటి గేరులో క్లచ్‌ను బ్రేకులా వాడుకోండి.

తిరుగు ప్రయాణంలో ఖాళీ ట్రైలర్ మీద స్ప్రింగులు అసలు కుంగవు, ప్రతి చిన్న గుంతకూ అది ఎగురుతుంది. కాబట్టి ర్యాంపును, ఖాళీ చాక్‌ను, విప్పిన బెల్టులను కట్టకుండా తొట్టిలో వదిలేయకండి. ఇంకో సంగతి, బైకు లేనప్పుడు ఈ పొట్టి ట్రైలర్ కారు అద్దాల్లో కనిపించనే కనిపించదు. తొట్టి వెనుక మూలలు రెండింటిలో మీటరు ఎత్తు కర్రలు నిలబెట్టి, కొసలకు ఎర్రగుడ్డ కట్టి ఉంచితే వెనక్కి పెట్టేటప్పుడు అది ఎటు తిరుగుతోందో తెలుస్తుంది.